‘ఆ’ అంటే ‘అవును’ కాదు

పోయిన సెమిస్టర్‌లో ల్యాబ్‌లో ఒక ఐసీని కాల్చేశాం. కాల్చింది నేనా, నా బెంచ్‌మేటా అన్నది మా ఇద్దరి మధ్యా ఇప్పటికీ తేలలేదు.

జరిగింది ఇది. 741 ఆప్-ఆంప్‌తో ఇన్వర్టింగ్ యాంప్లిఫయర్ కడుతున్నాం. ప్లస్ 12, మైనస్ 12 వైర్లు తారుమారయ్యాయని చూసుకుని నేను బ్రెడ్‌బోర్డ్ మీదకి వంగి మారుస్తున్నాను. వాడు అవతల పవర్ సప్లై దగ్గర నిలబడి "మావా, ఆన్ చెయ్యనా?" అన్నాడు. పక్క బెంచీల గోలలో నాకు సరిగ్గా వినపడలేదు. తల ఎత్తకుండానే "ఆఁ?" అన్నాను. వాడికి "ఆ" అని వినపడింది. ఆన్ చేశాడు. ముందు కాలిన వాసన వచ్చింది, వెనకే సార్ వచ్చారు.

వాడి వాదన: "నేను అడిగాను, నువ్వు ఆ అన్నావు." నా వాదన: "నేను అన్నది ఆ కాదురా, ఆఁ?" ఇద్దరం నిజమే చెబుతున్నాం. అబద్ధం ఎవరూ ఆడలేదు, నిర్లక్ష్యంగా కూడా ఎవరూ లేరు. అడగాల్సినవాడు అడిగాడు, జవాబు వచ్చిందనుకున్నాడు. అయినా ఐసీ కాలింది.

కొత్త ఐసీ కొంటే మా కథ అయిపోయింది. కానీ ఆ వారమే నేను విమాన ప్రమాదాల దర్యాప్తుల గురించి చదవడం మొదలుపెట్టాను. పైలట్‌కీ, కింద ఉండే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్‌కీ మధ్య మాట తేడా వచ్చి జరిగిన ప్రమాదాలు అందులో చాలా ఉన్నాయి. చదువుతుంటే మా "ఆఁ?", "ఆ" గొడవే మళ్లీ మళ్లీ కనిపించింది. కాకపోతే అక్కడ కాలింది ఐసీలు కాదు.

ఒకే ఫ్రీక్వెన్సీ, చాలామంది

ముందు ఈ మాటలు ఎలా నడుస్తాయో చూద్దాం. సినిమాల్లో చూసి మనం దీన్ని ఫోన్ కాల్ లాంటిదనుకుంటాం. ఫోన్‌లో ఇద్దరే ఉంటారు, ఇద్దరూ ఒకేసారి మాట్లాడినా ఒకరికొకరు వినపడతారు. విమానం రేడియో అలా కాదు. బటన్ నొక్కితే మాట్లాడొచ్చు, వదిలితే వినొచ్చు. మన భాషలో చెప్పాలంటే హాఫ్ డ్యూప్లెక్స్. నొక్కి ఉన్నంతసేపూ అవతలివాళ్లు ఏమన్నా మీకు తెలియదు. పైగా ఒక కంట్రోలర్ చూసుకునే విమానాలన్నీ సాధారణంగా ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఉంటాయి. పెళ్లి భోజనాల్లో వరుస మొత్తానికి వడ్డించేవాడు ఒక్కడే ఉన్నట్టు. ఒకరు పిలుస్తున్నప్పుడు మిగతావాళ్లు ఆగాలి. ఇద్దరు ఒకేసారి పిలిస్తే ఎవరికేం కావాలో అతనికి అర్థం కాదు.

ఈ సంభాషణ 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య ఉండే వీహెచ్‌ఎఫ్ బ్యాండ్‌లో నడుస్తుంది. మాడ్యులేషన్ ఏమిటో తెలుసా? ఏఎం. "ఏఎం కన్నా ఎఫ్‌ఎం నాయిస్‌ని బాగా తట్టుకుంటుంది" అని రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లం కదా, నాకు ఇది మొదట వింతగా అనిపించింది. పాత పరికరాలు ప్రపంచమంతా ఉండటం ఒక కారణం. ఇంకో మంచి గుణం కూడా ఉంది. ఎఫ్‌ఎంలో క్యాప్చర్ ఎఫెక్ట్ ఉంటుంది. రెండు సిగ్నళ్లు ఒకేసారి వస్తే రిసీవర్ బలమైనదాన్ని పట్టుకుని, బలహీనమైనదాన్ని దాదాపు మాయం చేస్తుంది. రెండోవాడు మాట్లాడాడన్న సంగతే మీకు తెలియదు. ఏఎంలో అలా మాయం కాదు. రెండు క్యారియర్ల ఫ్రీక్వెన్సీలు అచ్చంగా ఒకటే ఉండవు కాబట్టి, వాటి మధ్య తేడా మన చెవికి వినపడే శబ్దంగా బయటికి వస్తుంది. రెండింటి మధ్య 1 కిలోహెర్ట్జ్ తేడా ఉంటే 1 కిలోహెర్ట్జ్ కూత వినపడుతుంది. క్లాసులో చెప్పిన హెటిరోడైన్ ఇదే. మాటలు పాడవుతాయి కానీ, "ఇక్కడ ఎవరో ఇద్దరు ఒకేసారి మాట్లాడారు, ఏదో పోయింది" అని కనీసం తెలుస్తుంది.

తెలుస్తుందన్న మాట నిజమే. తెలిసినా మనిషి పట్టించుకుంటాడా అన్నది వేరే ప్రశ్న.

మూడు సెకన్ల కూత

1977 మార్చి 27. స్పెయిన్‌కి చెందిన కానరీ దీవుల్లో టెనెరీఫే దీవి, లాస్ రోడియోస్ విమానాశ్రయం. ఆ రోజు పక్క దీవి గ్రాన్ కానేరియా విమానాశ్రయంలో బాంబు పేలింది. అక్కడ దిగాల్సిన విమానాలని ఈ చిన్న విమానాశ్రయానికి మళ్లించారు. ఉన్నది ఒకటే రన్‌వే. పక్కన ఉండే టాక్సీవే మీద విమానాలు నిలిపేయడంతో, బయల్దేరే విమానాలు రన్‌వే మీదే చివరిదాకా నడిచి వెళ్లి, అక్కడ వెనక్కి తిరిగి టేకాఫ్ చేయాలి. దానికి తోడు పొగమంచు లాంటి మేఘం కమ్ముకొచ్చింది. టవర్‌కి విమానాలు కనపడవు, విమానాలకి ఒకదానికొకటి కనపడవు. నేల మీద విమానాలని చూపించే రాడార్ అక్కడ లేదు. ముగ్గురికీ మిగిలిన ఆధారం ఒక్కటే: రేడియోలో వినపడే మాట.

కేఎల్‌ఎం సంస్థ బోయింగ్ 747 రన్‌వే చివరికి వెళ్లి తిరిగి నిలబడింది. పానామ్ సంస్థ బోయింగ్ 747 అదే రన్‌వే మీద దాని వెనకాలే నడుస్తూ, తాను పక్కకి తిరగాల్సిన మూడో దారి కోసం వెతుకుతోంది. ఆ "మూడో" అన్న మాట తేల్చుకోవడానికే కంట్రోలర్ "వన్, టూ, త్రీ, థర్డ్" అని లెక్కపెట్టి చెప్పాల్సి వచ్చింది. అయినా ఆ దారి దాటిపోయి విమానం ముందుకు వచ్చింది.

కేఎల్‌ఎం కోపైలట్ రేడియోలో, టేకాఫ్‌కి సిద్ధంగా ఉన్నామని, ఏటీసీ క్లియరెన్స్ కోసం చూస్తున్నామని చెప్పాడు. కంట్రోలర్ జవాబుగా రూట్ క్లియరెన్స్ ఇచ్చాడు. అంటే గాల్లోకి లేచాక ఏ దారిన వెళ్లాలి, ఎంత ఎత్తుకి ఎక్కాలి అన్న సమాచారం. టేకాఫ్‌కి అనుమతి వేరే ఇవ్వాలి, ఇంకా ఇవ్వలేదు. కానీ ఆ రూట్ క్లియరెన్స్ లోపల "టేకాఫ్ తర్వాత కుడివైపు తిరగండి" అన్న ముక్క ఉంది. "క్లియర్డ్" అన్న మాట వినపడింది, "టేకాఫ్" అన్న మాటా వినపడింది. వెళ్లిపోవాలన్న తొందరలో ఉన్న చెవికి ఆ రెండూ చాలు.

కోపైలట్ ఆ వివరాలన్నీ తిరిగి అప్పజెప్పి, చివర్లో ఇంగ్లిష్‌లో "వి ఆర్ నౌ ఎట్ టేకాఫ్" అనే అర్థం వచ్చేలా ఒక మాట కలిపాడు. అతను చెబుతుండగానే కెప్టెన్ "వెళ్తున్నాం" అని విమానం కదిలించాడు. కంట్రోలర్ ఆ ఇంగ్లిష్ మాటని "టేకాఫ్ చేసే చోట నిలబడి ఉన్నాం" అని అర్థం చేసుకున్నాడు.

అప్పుడు అతను అన్న మొదటి మాట: "ఓకే."

ఒకటి రెండు సెకన్లు ఆగి, "టేకాఫ్ కోసం ఆగండి, నేను పిలుస్తాను" అన్నాడు. కానీ సరిగ్గా ఆ క్షణంలోనే పానామ్ పైలట్ కంగారుపడి తన బటన్ నొక్కాడు: "మేమింకా రన్‌వే మీదే ఉన్నాం." రెండు మాటలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కేఎల్‌ఎం కాక్‌పిట్‌లో మూడు సెకన్లకి పైగా కూత వినపడింది. అంతకుముందు వచ్చిన "ఓకే" మాత్రం స్పష్టంగా చేరింది. ప్రాణాలు కాపాడగలిగే రెండు వాక్యాలూ ఆ కూతలో పడ్డాయి.

మన క్లాస్‌రూమ్ భాషలో చెబితే: ఏసీకే చేరింది, అసలు డేటా కొలిజన్‌లో పాడైంది. ఈథర్‌నెట్ అయితే కొలిజన్‌ని గుర్తించి మళ్లీ పంపుతుంది. ఇక్కడ ఎవరూ "మళ్లీ చెప్పండి" అనలేదు.

ఇంకో అవకాశం కూడా వచ్చింది. కంట్రోలర్ పానామ్‌ని రన్‌వే ఖాళీ చేశాక చెప్పమన్నాడు, వాళ్లు అలాగే చెబుతామన్నారు. ఇది విన్న కేఎల్‌ఎం ఫ్లైట్ ఇంజనీర్‌కి అనుమానం వచ్చింది. "అయితే అతను తప్పుకోలేదా?" అని అడిగాడు. కెప్టెన్ "ఏమన్నావు?" అన్నాడు. ఇంజనీర్ మళ్లీ, "ఆ పానామ్ తప్పుకోలేదా?" అన్నాడు. కెప్టెన్ గట్టిగా "అవును, తప్పుకుంది" అనే అర్థం వచ్చేలా జవాబిచ్చాడు. మన తెలుగులో అయితే మొదటిది "ఆఁ?", రెండోది "ఆ". ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. కెప్టెన్ వాన్ జాంటెన్ మామూలు మనిషి కాదు. కేఎల్‌ఎంలో 747 శిక్షణకి పెద్ద, సంస్థ ప్రకటనల్లో ఆయన ఫోటో ఉండేది. పక్కన కూర్చున్న కోపైలట్‌కి 747 పరీక్ష పెట్టి పాస్ చేసింది కూడా ఆయనే. వైవాలో మనకి మార్కులు వేసిన సార్ "అంతే" అన్నాక "కాదు సార్" అనడానికి మనలో ఎంతమందికి నోరొస్తుంది?

ఇరవై సెకన్లు కూడా గడవలేదు. రెండు 747లు ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు. కేఎల్‌ఎంలో ఉన్న 248 మందిలో ఒక్కరూ మిగల్లేదు. పానామ్‌లో 396 మందిలో 61 మంది బతికారు. విమానయాన చరిత్రలో ఇప్పటికీ అత్యధిక ప్రాణనష్టం జరిగిన ప్రమాదం ఇదే.

‘వచ్చేస్తున్నా’ అంటే ఎక్కడున్నట్టు?

కోపైలట్ అన్న ఆ "ఎట్ టేకాఫ్" మీద భాషాశాస్త్రం తెలిసినవాళ్లు ఒక వివరణ ఇస్తారు. అతని మాతృభాష డచ్. ఒక పని జరుగుతూ ఉందని చెప్పడానికి డచ్‌లో ఇంగ్లిష్ "ఎట్"కి దగ్గరగా ఉండే మాట వాడే పద్ధతి ఉంది. ఒత్తిడిలో ఉన్న మనిషి మాటలు ఇంగ్లిష్‌వే వాడుతూ, వాటి వెనక తన భాష వ్యాకరణం పెట్టేస్తాడు. అతని మనసులో ఉన్నది "టేకాఫ్ చేస్తున్నాం". స్పానిష్ మాతృభాష అయిన కంట్రోలర్ చెవికి చేరింది "టేకాఫ్ దగ్గర ఉన్నాం".

ఇది మనకి కొత్త కాదు. "ఎక్కడున్నావురా?" అంటే "వచ్చేస్తున్నా మావా" అంటాం. ఆ మాట అన్నవాడు బస్సులో ఉండొచ్చు, కాలేజీ గేటు దగ్గర ఉండొచ్చు, హాస్టల్ మంచం మీద దుప్పటిలోనూ ఉండొచ్చు. మాట ఒకటే, మనిషి ఉన్న చోటు వేరు. స్నేహితుల మధ్య ఇది జోకు. రన్‌వే మీద కాదు.

ఒక్క ‘టు’ మింగేసిన రెండు వేల అడుగులు

టెనెరీఫేలో పొగమంచు, కూత, తొందర అన్నీ ఉన్నాయి. కానీ అవేవీ లేకుండా, మాట శుభ్రంగా చేరినా ప్రమాదం జరగొచ్చు. 1989 ఫిబ్రవరి 19న సింగపూర్ నుంచి కౌలాలంపూర్‌కి వస్తున్న ఫ్లయింగ్ టైగర్ సంస్థ సరుకుల విమానం 747కి కంట్రోలర్ చెప్పింది ఇది: "డిసెండ్ టూ ఫోర్ జీరో జీరో." అతని ఉద్దేశం 2,400 అడుగులకి దిగమని. కాక్‌పిట్‌లో ఆ "టూ" అంకెగా కాకుండా "కి" అన్న అర్థం ఇచ్చే ఇంగ్లిష్ "టు"గా వినపడింది. "400 అడుగులకి దిగండి" అన్నట్టు అర్థమైంది. పైలట్ "ఓకే, ఫోర్ జీరో జీరో" అని తిరిగి చెప్పాడు. తప్పు ఆ వాక్యంలోనే బయటపడి ఉంది. కంట్రోలర్ దాన్ని పట్టుకోలేదు. విమానం కొండని ఢీకొని నలుగురు సిబ్బందీ చనిపోయారు.

పైలట్‌ల తప్పులు అందులో ఇంకా ఉన్నాయి, నేల దగ్గరవుతోందని హెచ్చరిక మోగినా సమయానికి స్పందించలేదు. కానీ నన్ను ఆపేసింది ఆ రీడ్‌బ్యాక్. విమానయానంలో విన్నదాన్ని తిరిగి అప్పజెప్పడాన్ని రీడ్‌బ్యాక్ అంటారు. ముఖ్యమైన ఆదేశం ఏదైనా, అంటే ఎత్తు, దిశ, రన్‌వే నంబరు లాంటివి, పైలట్ తిరిగి చెప్పి తీరాలి. చాలామంది ఇక్కడితో సర్కిల్ పూర్తయిందనుకుంటారు. నిజానికి ఇంకో అడుగు ఉంది: కంట్రోలర్ ఆ రీడ్‌బ్యాక్‌ని శ్రద్ధగా విని, తాను చెప్పినదానితో పోల్చుకోవాలి. దీన్ని హియర్‌బ్యాక్ అంటారు. చెప్పడం, తిరిగి చెప్పడం, తిరిగి చెప్పింది వినడం. మూడో అడుగు లేకపోతే రెండో అడుగు ఉన్నా దండగే. మనిషి చెవి తాను ఎదురుచూస్తున్న మాటనే వింటుంది. 2,400 అని చెప్పిన కంట్రోలర్, తిరిగి 2,400 వస్తుందనే అనుకుంటాడు. అందుకే 400 వచ్చినా చెవి దాటిపోతుంది.

సిగ్నల్ బాగుంది, అర్థమే చేరలేదు

క్లాడ్ షానన్ 1948లో ఇన్ఫర్మేషన్ థియరీకి పునాది వేసిన పేపర్ మొదట్లోనే, సందేశానికి ఉండే అర్థంతో ఇంజనీరింగ్ సమస్యకి సంబంధం లేదని పక్కన పెట్టేశాడు. మనకి సిలబస్‌లో ఉండే ఛానల్ కెపాసిటీ, నాయిస్, ఎర్రర్ కరెక్షన్ అన్నీ దాని తర్వాతవే. బిట్లు చేర్చడం మన పని. ఆ బిట్లకి అవతలివాడు ఏ అర్థం తీసుకున్నాడన్నది మన పేపర్‌లో లేని ప్రశ్న. అలాంటి ప్రశ్నకి ఉదాహరణ ఏవియాంకా 52.

1990 జనవరి 25. కొలంబియా నుంచి న్యూయార్క్ వస్తున్న బోయింగ్ 707. వాతావరణం బాగాలేక దాన్ని మూడు చోట్ల గాల్లో గుండ్రంగా తిప్పుతూ మొత్తం 77 నిమిషాలు ఆపారు. ఇంధనం తగ్గిపోతోంది. కెప్టెన్ విమానం నడుపుతున్నాడు, ఇంగ్లిష్‌లో మాట్లాడేది కోపైలట్. అతను "మాకు ప్రయారిటీ కావాలి" అన్నాడు. ప్రత్యామ్నాయ విమానాశ్రయం బోస్టన్‌కి ఇక వెళ్లలేమనీ, ఇంధనం అయిపోతుందనీ చెప్పాడు. కానీ ఆ సంగతి మొత్తం ఒక కంట్రోలర్ నుంచి ఇంకో కంట్రోలర్‌కి చేరలేదు. మొదటిసారి దిగబోయి గాలి తేడా వల్ల మళ్లీ పైకి లేచారు. కెప్టెన్ స్పానిష్‌లో "ఎమర్జెన్సీ అని చెప్పు" అన్నాడు. కోపైలట్ రేడియోలో దిశ గురించి చెప్పి, "మళ్లీ ప్రయత్నిస్తాం, ఇంధనం అయిపోతోంది" అని చివర్లో జత చేశాడు. కంట్రోలర్: "ఓకే." చెప్పావా అని కెప్టెన్ అడిగితే, "చెప్పాను" అన్నాడు కోపైలట్.

తర్వాత కంట్రోలర్, మిమ్మల్ని 15 మైళ్లు అటు తిప్పి తీసుకొస్తాను, మీకూ మీ ఇంధనానికీ ఫర్వాలేదా అని అడిగాడు. "ఫర్వాలేదనుకుంటాను, చాలా థాంక్స్" అని జవాబు వచ్చింది. కొద్ది నిమిషాల్లో ఇంజిన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. లాంగ్ ఐలాండ్‌లోని కోవ్ నెక్ దగ్గర విమానం కూలింది. 158 మందిలో 73 మంది చనిపోయారు. మంటలు రాలేదు. మండటానికి ఇంధనం లేదు.

కంట్రోలర్లు అన్నిటినీ పక్కకి తప్పించి దారి ఇవ్వాలంటే వినాల్సిన మాటలు "ఎమర్జెన్సీ", "మేడే". న్యూయార్క్ ఆకాశంలో ఆ రాత్రి ఇంధనం తగ్గుతోందని చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. "ప్రయారిటీ" అంటే కోపైలట్‌కి ప్రాణం మీదకి వచ్చినట్టు, కంట్రోలర్‌కి కాస్త ముందు పంపమన్నట్టు. ఆ చివరి "థాంక్స్" చదివినప్పుడు నాకు మన ఊరి మర్యాద గుర్తొచ్చింది. "అన్నం తిన్నావా?" అంటే ఆకలితో కడుపు కాలుతున్నా "ఆ, తినేశానండీ" అంటాం. పెద్దవాళ్లని ఇబ్బంది పెట్టకూడదని. ఆ అలవాటు మంచిదే, కానీ ట్యాంకు ఖాళీ అయినప్పుడు కాదు.

మన దేశంలో, చర్ఖీ దాద్రీ మీద

1996 నవంబర్ 12 సాయంత్రం. ఢిల్లీ నుంచి సౌదియా 747 పైకి ఎక్కుతోంది. ఎదురుగా కజకిస్తాన్ నుంచి ఇల్యూషిన్-76 ఢిల్లీకి దిగుతోంది. కంట్రోలర్ సౌదియాని 14,000 అడుగుల దగ్గర ఆపాడు, కజక్ విమానాన్ని 15,000 దగ్గర ఉండమన్నాడు. ఎదురుగా 747 వస్తోందని కజక్ విమానానికి చెప్పాడు కూడా. ఆదేశంలో తప్పు లేదు. రేడియోలో జవాబులూ వచ్చాయి. కానీ ఆ విమానంలో టవర్‌తో మాట్లాడేది పైలట్ కాదు, వెనక కూర్చునే రేడియో ఆపరేటర్. ఎత్తు చూపించే మీటర్ అతని ముందు లేదు, పైలట్‌ల మీటర్లే తొంగి చూడాలి. రేడియోలో ఒప్పుకున్న 15,000 విమానం నడిపే చేతుల్లో నిలవలేదు. విమానం అంతకన్నా కిందికి దిగింది. రెండూ హర్యానాలోని చర్ఖీ దాద్రీ దగ్గర గాల్లోనే ఢీకొన్నాయి. 349 మంది, ఒక్కరూ మిగల్లేదు. సౌదియా విమానంలో ఎక్కువమంది గల్ఫ్‌లో పని కోసం వెళ్తున్న మనవాళ్లే.

జస్టిస్ లాహోటీ కమిషన్ కజక్ సిబ్బంది అనుమతి లేకుండా కిందికి దిగడమే కారణమని తేల్చింది. వాళ్ల ఇంగ్లిష్ సరిపోకపోవడాన్నీ ఎత్తి చూపింది. ఇంకో సంగతి కూడా ఉంది. అప్పట్లో ఢిల్లీలో వచ్చే విమానాలకీ వెళ్లే విమానాలకీ ఒకటే దారి ఉండేది. కంట్రోలర్ ముందున్న ప్రైమరీ రాడార్ విమానం ఎక్కడుందో చూపించేది, ఎంత ఎత్తులో ఉందో చూపించేది కాదు. "15,000లో ఉన్నాం" అని వాళ్లు చెప్పిందే అతనికి తెలుసు. నిజమో కాదో చూసుకునే రెండో మార్గం లేదు. ఈ ప్రమాదం తర్వాతే మన దేశంలో దారులు విడదీశారు, ఎత్తు చూపించే సెకండరీ రాడార్ తెచ్చారు, విమానాల్లో ఢీకొనకుండా హెచ్చరించే టీకాస్ పరికరం తప్పనిసరి చేశారు.

ఏం మార్చారు?

ఈ ప్రమాదాల తర్వాత "ఇకనుంచి అందరూ జాగ్రత్తగా వినండి" అని సర్క్యులర్ ఇచ్చి ఊరుకోలేదు. నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం అదే. మనిషి పొరబడతాడని ఒప్పుకుని, భాషనే మళ్లీ డిజైన్ చేశారు.

టేకాఫ్: ఈ మాటని ఇప్పుడు టేకాఫ్‌కి అనుమతి ఇచ్చేటప్పుడో, ఇచ్చిన అనుమతిని రద్దు చేసేటప్పుడో మాత్రమే వాడతారు. మిగతా అన్ని చోట్లా "డిపార్చర్" అంటారు. రిజర్వ్‌డ్ కీవర్డ్ లాంటిదన్నమాట. వేరియబుల్‌కి ఆ పేరు పెట్టడానికి వీల్లేదు.

రోజర్: సినిమాల్లో దీన్ని "సరే" అన్నట్టు వాడతారు. అసలు అర్థం "నువ్వు చెప్పింది మొత్తం నాకు చేరింది" అని మాత్రమే. చేస్తానని కాదు, అవునని కాదు. చేస్తాననడానికి "విల్కో", అవుననడానికి "అఫర్మ్", కాదనడానికి "నెగటివ్". మన "ఆ" ఒక్కటే మోసే బరువుని ఇక్కడ వేర్వేరు మాటలకి పంచేశారు.

అంకెలు: 3ని "ట్రీ", 5ని "ఫైఫ్", 9ని "నైనర్" అని పలకమంటారు. గరగర శబ్దంలో ఫైవ్, నైన్ ఒకేలా వినపడతాయి కాబట్టి. "థ్రీ"లో మొదటి శబ్దం ప్రపంచంలో చాలా భాషలవాళ్ల నోరు తిరగదు కాబట్టి. ఇంగ్లిష్ సరిగ్గా పలకలేదని ఎవరినీ వెక్కిరించలేదు, ఇంగ్లిష్‌నే కొంచెం వంచారు.

ఇంధనం: "మినిమమ్ ఫ్యూయల్" అంటే ఇంకా ఆలస్యం చేస్తే ప్రమాదమని. "మేడే" అని మూడుసార్లు చెప్పి "ఫ్యూయల్" అంటే ప్రమాదంలోనే ఉన్నామని. మధ్యలో మర్యాదకి చోటు లేదు.

ఇంగ్లిష్ పరీక్ష: ఐకావో అనే అంతర్జాతీయ సంస్థ అంతర్జాతీయ విమానాల పైలట్లకీ, వాళ్లతో మాట్లాడే కంట్రోలర్లకీ ఆరు లెవెల్స్ ఉన్న పరీక్షలో కనీసం నాలుగో లెవెల్ ఉండాలని పెట్టింది. ఇందులో ఇంగ్లిష్ మాతృభాష అయినవాళ్లలా మాట్లాడటం కాదు ముఖ్యం. అనుకోనిది జరిగినప్పుడు అర్థం అయ్యేలా చెప్పగలగడం, అర్థం కానప్పుడు అడిగి తేల్చుకోగలగడం.

కాక్‌పిట్ లోపల: 1979లో నాసా పెట్టిన వర్క్‌షాప్ నుంచి క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అనే శిక్షణ పుట్టింది. కింది స్థాయివాడు అనుమానం వస్తే గట్టిగా చెప్పడం, పైవాడు దాన్ని వినడం, రెండూ నేర్పించాల్సిన విద్యలేనని ఒప్పుకున్నారు. ఆ ఫ్లైట్ ఇంజనీర్ రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడగడం ఎలాగో, ఆ మూడోసారికి విమానం ఆపడం ఎలాగో నేర్పేది ఈ శిక్షణ.

మన సంగతి

ఇంజనీర్లుగా మనం రేపు చేసే పనుల్లో చాలావరకు ఇంకొకరికి చెప్పి చేయించేవో, ఇంకొకరు చెబితే చేసేవో. సైట్‌లో "పవర్ తీసేశారా?" అని అడుగుతాం. "ఆ" అని వినపడుతుంది. ఆ "ఆ"ని నమ్మి ఒక మనిషి ప్యానెల్‌లో చెయ్యి పెడతాడు. ప్రాజెక్ట్ రివ్యూలో గైడ్ గారు "అర్థమైందా?" అంటారు, తొమ్మిది మందిమి తలలు ఊపుతాం, బయటికి వచ్చి "ఏం చెప్పారురా?" అని ఒకరినొకరు అడుగుతాం. తల ఊపడం అక్కడ గౌరవం. కానీ అది రీడ్‌బ్యాక్ కాదు.

ఇందులో తప్పు తెలుగుది కాదు, మర్యాదది కూడా కాదు. "అర్థమైందా?" అన్న ప్రశ్నకి అందరి దగ్గరా ఉండే జవాబు ఒకటే. "ఏం అర్థమైంది?" అన్నదానికి మాత్రం ఒక్కొక్కరిదీ వేరేగా వస్తుంది. తేడా ఎక్కడుందో అప్పుడే కనపడుతుంది.

ఈ సెమిస్టర్‌లో కూడా మేమిద్దరం ఒకటే బెంచ్. కిందటి వారం మళ్లీ 741. వాడు సప్లై దగ్గర నిలబడి "మావా, ఆన్ చెయ్యనా?" అన్నాడు. నేను తల ఎత్తి చూశాను.

"ఏడో పిన్‌కి ప్లస్ 12, నాలుగో పిన్‌కి మైనస్ 12. చెయ్యి తీసేశాను. నువ్వు చెప్పు."

"ఏడుకి ప్లస్, నాలుగుకి మైనస్, నీ చెయ్యి బయట ఉంది."

"కరెక్ట్. ఇప్పుడు ఆన్ చెయ్యి."

పక్క బెంచ్ వాళ్లు నవ్వారు. నవ్వనీ అన్నాడు వాడు.